నేను చూడని తిమింగలం

ఒక్క అబద్ధం. ఏళ్ల తరబడి మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

సెలవులకు మేమంతా శ్రీలంక వెళ్లాం. పట్టుబట్టి తీసుకెళ్లింది నేనే. అప్పటికి నా తమ్ముడి భార్యకు మూడో నెల. కడుపుతో ఉన్న మనిషి మొగుడు సముద్రం మీదికి పోకూడదని, ప్రాణమున్నదాన్ని చంపకూడదని అమ్మ మొత్తుకుంది. నేను కొట్టిపారేశాను. చదువుకున్నదాన్ని కదా! అమ్మనూ మరదలినీ హోటల్లో ఉంచి, నేను, నా భర్త, పిల్లలు, తమ్ముడు పడవెక్కాం. ముందు చేపలు పట్టడం, ఆ తర్వాత తిమింగలాలను చూడటం.

తమ్ముడి గాలానికి చేప పడింది. పెద్దది. దాన్ని పడవలోకి లాగాక అమ్మ మాట గుర్తొచ్చిందేమో, వాడి ముఖం పాలిపోయింది. చొక్కా మీద నెత్తురు. సరిగ్గా అప్పుడే తిమింగలం కనపడిందని పడవవాళ్లు కేకలేశారు. అందరూ అటు పక్కకు పరుగెత్తారు. నేను కదల్లేదు. వాడు గాలం ఊడదీసి చేపను నీళ్లలోకి వదిలాడు. అది తోక ఆడించి లోపలికి వెళ్లిపోయింది. చూసింది నేనొక్కదాన్నే. మధ్యాహ్నం పడవలో మాకు పెట్టిన వేపుడు వేరే చేపది.

బెంగళూరుకు తిరిగొచ్చిన కొద్ది రోజులకే మరదలికి కడుపు పోయింది. ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ వింటుందా? నగర్తపేటలోని మా పుట్టింట్లో ఒకరి ముఖం ఒకరం అనుమానంగా చూసుకోవడం మొదలైంది. చేపను వదిలేశానని తమ్ముడంటే, మరి చొక్కాకు నెత్తురెక్కడిదంది అమ్మ. మీరు తిన్న చేప ఏదంది. అప్పుడు ఆమె చూపు మెల్లగా నా వైపు తిరిగింది. తీసుకెళ్లింది నేనే కదా.

"నువ్వు ఆడే ఉండావు కదా, నిజం చెప్పు. వాడు వదిలేసినాడా, చంపినాడా?"

"నాకేం తెలుసుమ్మా? నేను తిమింగలం చూస్తా ఉండ్నా."

అంతే. ఆ చూపు నా మీదినుంచి తప్పుకుంది. హమ్మయ్య అనుకున్నాను. అవును, అనుకున్నాను. ఆ పట్టింపులు నమ్మనిదాన్ని, నమ్మేవాళ్ల ముందు తమ్ముడిని దోషిగా ఎలా నిలబెట్టాను? భయమేనా? ఎప్పుడూ వాడి మాటే చెల్లే ఇంట్లో ఒక్కసారి అది చెల్లకపోతే నాకు లోలోపల కాస్త బాగుందేమో కూడా.

అప్పటినుంచి వాడు ఏం చెప్పినా మరదలు నమ్మదు. ఆలస్యమైతే అనుమానం, ఫోన్ మోగితే అనుమానం. చూడలేదని మీ అక్కే అంది కదా అంటుంది. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. వాడి నీడ కూడా పడకూడదని కె.ఆర్.పురంలో పుట్టింటికి వెళ్లిపోయింది. వాడిని రావద్దంది.

మొన్న తమ్ముడు మా ఇంటికొచ్చాడు. నన్ను నిలదీస్తాడని భయపడ్డాను. వాడు కాఫీ గ్లాసు పట్టుకుని, "నేనే చంపినానేమో అక్కా. అందరూ అంటా ఉంటే నాకే డౌటుగా ఉండాది" అన్నాడు.

నేనేం చేశాను? ఇంకొంచెం కాఫీ పోయనా అన్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

మరదలికి ఫోన్ చేస్తానో లేదో తెలియదు. చేసినా, ఇన్నేళ్ల తర్వాత నన్నెందుకు నమ్మాలి? కానీ ఈ మాట ఒక్కచోటైనా ఉండాలి. వాడు చంపలేదు. నేను చూశాను.