పిల్లి మెడలో బెల్టు

పసిపిల్లల వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేశాను. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ చేతిలో కూడా ఒక్క గుచ్చుతో నరం దొరకబుచ్చుకుని, "మీ చెయ్యి ఎంత తేలిక సిస్టర్" అని తల్లుల చేత అనిపించుకున్నదాన్ని. అలాంటి నన్ను ఒక పిల్లి, అదీ గుప్పెడు మాంసం లేని వీధి పిల్లి, ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించింది. మేముండేది వర్తూరులో కాబట్టి ఒక చెరువు ఎలాగూ పక్కనే ఉంది. మిగతా రెండూ ఎక్కడివో దానికే తెలియాలి.

మాది మేడ మీద వాటా. కింద ఇంటి ఓనరు ఆంటీ. తాతముత్తాతల నుంచీ ఈ కన్నడ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లు వాళ్లు. కొత్తలో ఆవిడ మాట వింటే నాకు నవ్వు ఆగేది కాదు. "ట్యాంకులో నీళ్లు ఉండాదా మా?" "మీ యజమాని ఇంట్లోనే ఉండాడా?" అని అడిగేది. యజమాని అంటే మా ఆయన. పైకొచ్చాక ఆ మాటలే అనుకరించి ఆయన్ని నవ్వించేదాన్ని. మాది గుంటూరు వైపు. మా తెలుగే తెలుగు, మిగతావాళ్లది ఏదో సర్దుకుపోవడం అనే పొగరు మా వైపు అందరికీ ఉన్నట్టే నాకూ ఉండేది.

ప్రహరీ అవతల ఖాళీ జాగాలో ఎవరో ఇల్లు మొదలుపెట్టి ఆపేశారు. వాళ్లు వదిలేసిన సిమెంటు ఇటుకల గుట్టలో ఉండేది ఆ పిల్లి. బూడిద రంగు చారలు, తెల్లటి పొట్ట. మెడ చుట్టూ ఎర్రటి గీత కనిపిస్తే అదీ ఒంటి రంగేననుకున్నాను. ఒకరోజు అది గోడ మీద కూర్చుని ఎండ కాచుకుంటుంటే సరిగ్గా చూశాను. రంగు కాదు, బెల్టు. చిన్న పిల్లగా ఉన్నప్పుడు ఎవరో ముద్దుగా కట్టిన నైలాను బెల్టు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గ్యాసు పొయ్యి, టీవీ, ఆఖరికి చెప్పుల స్టాండు కూడా గుర్తుపెట్టుకుని పట్టుకెళ్లి, పిల్లిని మాత్రం వదిలేసి ఉంటారు. పిల్లి పెరిగింది. బెల్టు పెరగదు కదా! అది కండలోకి కోసుకుపోయి, అంచుల వెంట పచ్చి పుండు పడింది. దాని మీద ఈగలు.

వాళ్ల ఇల్లు బంగారం కాను! నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. వెంటనే పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను. "పట్టుకురండి, కత్తిరించి శుభ్రం చేస్తాను. ఆలస్యం చేస్తే ఇంకా లోపలికి దిగుతుంది. తిండి మింగలేదు, బతకదు" అన్నాడు. చీము రక్తంలోకి ఎక్కితే ఏమవుతుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఎలాగైనా ఈ బెల్టు తీసి తీరాల్సిందేనని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

పెద్ద పనేముంది, పట్టుకోవడం ఎంతసేపు అనుకున్నాను. డ్యూటీ నుంచి వస్తూ పాల ప్యాకెట్ తెచ్చి, గిన్నెలో పోసి, మెట్ల మీద కూర్చుని పిలిచాను. పిల్లిని ఎలా పిలవాలో ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ప్రపంచమంతా "ప్స్ ప్స్ ప్స్" అనే పిలుస్తోంది. పిలవగానే వాళ్ల పిల్లులన్నీ తోక లేపుకుని వచ్చేస్తున్నాయి. మనది మాత్రం ఆ చప్పుడు చెవిన పడిందంటే చాలు, నిప్పు తొక్కినట్టు ఎగిరి ఇటుకల్లో దూరేది. పాలు మార్చి పెరుగన్నం పెట్టాను. పెరుగన్నం మార్చి వేయించిన చేప పెట్టాను. ఏది పెట్టినా అంతే. నేను లోపలికి వెళ్లాక వచ్చి తినేది. నేను తలుపు తీస్తే మాయం.

మా ఆయనకి ఇదంతా వినోదం. "ఎలుకలు పిల్లి మెడలో గంట ఎలా కట్టాలా అని మీటింగు పెట్టుకున్నాయట. నువ్వేమో విప్పడానికి పెట్టావు. రెండూ ఒకేలా జరుగుతున్నాయి" అనేవాడు.

"నవ్వండి. దాని మెడ తెగి పడ్డాక ఏడుద్దురుగాని" అని కసిరాను.

ఓపిక నా జాతకంలో లేదు. వార్డులో అయితే బిడ్డని దుప్పట్లో చుట్టి, తల ఒకరు పట్టుకుంటే పని అయిపోతుంది. ఆ లెక్కే ఇక్కడా వేశాను. పాత దుప్పటి పట్టుకుని గోడ చాటున నక్కి, పిల్లి గిన్నెలో మూతి పెట్టగానే మీద వేశాను. దుప్పట్లోంచి పులి వచ్చింది! మోచేతి దాకా చీరేసి, గోడ దూకి, కనపడకుండా పోయింది. జనానికి నేను వేసే కుక్కకాటు సూదులు ఆ వారం నేనే వేయించుకున్నాను.

పిల్లి ఇక రాలేదు. పెట్టిన తిండి చీమలు తినేవి. కాలుగాలిన పిల్లి అంటారే, అలా మెట్ల మీద పైకీ కిందకీ తిరిగింది మాత్రం నేనే. బతికున్న ప్రాణాన్ని నా తొందరతో ఎక్కడికో తరిమేశాను, ఏ కాలవలో పడి చస్తోందో అని బాత్రూములో ట్యాపు తిప్పుకుని ఏడ్చాను. కొన్నాళ్లకి అది మళ్లీ గోడ మీద కనిపించింది. ఇంకా చిక్కిపోయి, తల మాత్రమే పెద్దగా ఉంది. దూరం నుంచే మెడ దగ్గర తడి మెరుస్తోంది. "ప్స్ ప్స్" అన్నాను, గొంతులో ప్రాణమంతా పెట్టి. మళ్లీ పరుగే!

కింద బియ్యం ఏరుకుంటున్న ఆంటీ తలెత్తింది. "ఏం మా, నువ్వు దాన్ని పిలస్తా ఉండావా, కుక్కని ఉసిగొల్పతా ఉండావా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "పిలుస్తున్నానాంటీ! కనపడటం లేదా?"

"నాకేమో ఉస్, ఉస్ అన్నట్ల ఉండాది" అని మళ్లీ చేటలోకి వంగింది.

మనసులో గుంటూరు మిరపకాయలన్నీ నూరుకుంటూ పైకి వచ్చేశాను. కానీ ఆ సాయంత్రం పెరట్లో గోల వినిపించి బాల్కనీలోంచి తొంగి చూశాను. ఆంటీ అరటి మొక్కల దగ్గర పందికొక్కు కలుగు చూపిస్తూ వీధి కుక్కని "ఉస్కో! ఉస్! ఉస్! ఉస్!" అని ఉసిగొల్పుతోంది. అన్నం పెడుతున్నందుకు ఆ కుక్క రోజూ చేసే ఉద్యోగం అది. అది కలుగు వైపు ఒక్క చూపు కూడా చూడకుండా నేరుగా గోడ వారనున్న పిల్లి వెంట పడింది. ప్రతి సాయంత్రం పందికొక్కు మీద కోపం, పిల్లి మీద ప్రతాపం!

అప్పుడు వెలిగింది నాకు. ఎక్కడో విదేశాల్లో పిల్లులకి "ప్స్" అంటే పిలుపు. తెలుగువాళ్ల పెరట్లో పెరిగిన పిల్లికి అది ఉస్! గిన్నె నిండా చేప పెట్టి, ప్రేమగా కళ్లు విప్పార్చుకుని, ఇన్నాళ్లూ నేను దాని మీదికి కుక్కని తోలుతున్నాను. అది పరిగెత్తక ఏం చేస్తుంది?

మరి దానికి మంచి మాట ఏది? ఇక నోరు కట్టేసుకుని, సెలవు దొరికినప్పుడల్లా మెట్ల మీద కూర్చుని చూడటమే పనిగా పెట్టుకున్నాను. పొద్దున్నే చేపలాయన మోపెడ్ మీద వస్తాడు. ఆంటీ గేటు దగ్గర నుంచి కేకేస్తుంది. "రాప్పా, ఈడికి రా! ఈపొద్దు ఏం చేప తెచ్చినావు?" అంతే, ఇటుకల్లోంచి రెండు చెవులు లేస్తాయి. ఆయన పెరట్లో చేపలు శుభ్రం చేసి పేగులూ మొప్పలూ గోడ వారగా పడేస్తే, ఆయన మోపెడ్ చప్పుడు దూరమయ్యాక పిల్లి దిగుతుంది. సరే, చేప వాసనకి వస్తోందనుకున్నాను. ఒకరోజు గ్యాసు సిలిండరాయన వచ్చాడు. ఆంటీ అతన్నీ "రాప్పా, ఈ పక్క నుంచి రా!" అంది. గోడ మీద పిల్లి ప్రత్యక్షం! భుజం మీద సిలిండరుతో వస్తున్న మనిషిని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, ఇదెక్కడి చేప అన్నట్టు మొహం పెట్టి, మళ్లీ గుట్టలోకి వెళ్లిపోయింది. మెట్ల మీద ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. దొరికింది మాట. ఇన్నాళ్లూ నేను వెక్కిరించిన మాటే.

మర్నాడు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, "రా అప్పా" అన్నాను. ఒక చెవి తిరిగింది, అంతే. మళ్లీ అన్నాను. రెండో చెవి. వంటింటి కిటికీలోంచి ఆంటీ గొంతు వచ్చింది. "అట్ల రెండు తుంపులు చేస్తే ఎట్ల మా? ఒక్కటే మాట. రాప్పా!" సిగ్గుతో చచ్చాను. అయినా ఆవిడ అన్నట్టే గొంతు సాగదీసి, "రాప్పా" అన్నాను. పిల్లి గోడ మీదికి వచ్చి కూర్చుంది. పారిపోలేదు. నన్నూ, నా చేతిలో చేపనూ చూస్తూ కూర్చుంది.

"అది ఆడపిల్లి కదే, మగాళ్లని పిలిచినట్టు అప్పా ఏంటి?" అన్నాడు మా ఆయన.

"ఆ సంగతి దానికి చెప్పకండి" అన్నాను.

అక్కడి నుంచి రోజుకింత గెలుస్తూ వచ్చాను. గోడ మీద నుంచి నేల మీదికి. నేల మీద నుంచి మొదటి మెట్టుకి. చెయ్యి చాస్తే వాసన చూసి వెనక్కి తగ్గేది. ఆసుపత్రి స్పిరిట్ వాసన కాబోలని, ఇంటికొచ్చాక సెనగపిండితో చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాను. నా పెళ్లికి కూడా అంత నలుగు పెట్టుకోలేదు. ఆంటీ కూడా పందికొక్కుల వేట మానేసి కుక్కని గేటు బయట కట్టేసేది. నేను గిజగిజలాడితే, "సుమ్నే కూర్చో మా" అనేది. ఊరికే ఉండు అని కన్నడం. నా జన్మలో ఎవరి మాటా విని ఊరికే కూర్చోలేదు. ఆ పిల్లి కోసం కూర్చున్నాను. ఒకరోజు అది తింటూ తింటూ దవడ తెచ్చి నా వేలికి రాసింది. ఆ పూట అంట్లు తోమకుండా ఉంచేశాను, ఆ వేలు తడపబుద్ధి కాక.

కట్లు కోసే కత్తెర, మొనలు మొద్దుగా ఉంటాయి, అది గిన్నె పక్కనే పెట్టి అప్పుడప్పుడూ ఆడించేదాన్ని. దాని చప్పుడు అలవాటు కావాలి కదా. మెడ దగ్గరికి చెయ్యి వెళితే మాత్రం గుర్రుమనేది. పుండు ఇంకా ముదురుతోంది. ఇక ఆగితే లాభం లేదు.

ఆదివారం పొద్దున. ప్రార్థనకి వెళ్లడానికి తెల్ల పట్టుచీర కట్టుకుని దిగాను. మా ఆయన స్కూటర్ స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు. పిల్లి మొదటి మెట్టు మీద ఉంది. చేప ముక్క పెడితే, అది వదిలేసి నా మోకాలికి తల ఆనించింది. ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ కాదనిపించింది. పట్టుచీరతోనే మెట్టు మీద కూలబడ్డాను. ఎడమ చేత్తో చెవుల వెనక గోకుతూ, కుడి చేత్తో కత్తెర మొద్దు మొన బెల్టు కిందికి దూర్చాను. వెంట్రుకలూ ఎండిన చీమూ కలిసి బంక కట్టి ఉంది. గుర్రుమంది. "ప్రభువా, ఈ ఒక్కసారి" అని నొక్కాను. తెగలేదు. పిల్లి గోళ్లు నా తొడలో దిగాయి. "హారన్ ఆపండి!" అని అరవాలని ఉంది, కానీ అరిస్తే అంతా పోతుంది. పళ్లు బిగబట్టి, రెండో చెయ్యి కూడా కలిపి నొక్కాను. కటుక్కుమంది.

పిల్లి ఒక్క గెంతు గెంతింది. బెల్టు నా చేతిలో ఉండిపోయింది.

లేచి నిలబడి నేను పెట్టిన కేకకి ఆంటీ చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది, నేను మెట్ల మీద పడ్డాననుకుని. "తెగిందాంటీ! తెగింది!" అని బెల్టు గాలిలో ఊపాను. ఆవిడ నన్నూ, చీర మీద నెత్తురూ చీమూ చూసి, "అయ్యో దేవరే, గెలిచినావు మా!" అని నా భుజం మీద గరిటెతోనే కొట్టింది. మా ఆయన స్కూటర్ ఆపి వచ్చి, ఆ కంపు కొట్టే బెల్టుని చేతిలోకి తీసుకుని, చెత్తబుట్టలో పడేసి, కత్తెర కడిగి తెచ్చాడు. చీర మార్చుకుని ఆలస్యంగా వెళ్లినా, ఆ రోజు నేను పాడినంత గట్టిగా మా సంఘంలో ఎవరూ పాడలేదు.

సాయంత్రానికి దిగులు మొదలైంది. బెల్టు తీస్తే సరిపోదు. పుండు కడగాలి, మందు పెట్టాలి, మానేదాకా పెడుతూనే ఉండాలి. కానీ అంత నొప్పి పెట్టిన మనిషి దగ్గరికి ఏ పిల్లి వస్తుంది? రాత్రి గిన్నె అలాగే ఉంది.

తెల్లవారాక ఉప్పునీళ్లూ దూదీ పట్టుకుని మేడ మీద మా గుమ్మంలోనే కూర్చున్నాను. పిలవలేదు. చేప కూడా తేలేదు. కాసేపటికి మెట్ల మీద చప్పుడు లేకుండా ఒక తల పైకి వచ్చింది. అంత పైకి అది ఎన్నడూ ఎక్కలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఉప్పునీళ్ల గిన్నె వాసన చూసింది. తర్వాత పక్కకు తిరిగి, బెల్టు కోసిన చోటే, ఆ పచ్చి పుండునే తెచ్చి నా అరచేతిలో ఆనించి పడుకుంది. దూదితో తుడిచాను. భగ్గున మండి ఉంటుంది, ఒళ్లంతా వణికింది. మెడ మాత్రం తియ్యలేదు.