షెడ్డులో దొరకని జబ్బు

డిగ్రీ పాసయినా! బీఏ! ఇప్పుడే రిజల్టు చూసినా. నమ్మకం కుదరక మళ్లా ఒకసారి చూసుకున్నా. మా ఇంట్లో ఇంతవరకు డిగ్రీ చదివినోళ్లు లేరు. మా నాయన బేతంచెర్లలో బండలకు పాలీషు పట్టి మమ్మల్ని సాకినోడు, ఆయనది ఏలిముద్రే. నేను రిటైరయినాక దూరవిద్యలో కట్టి పాసయినా. "ఈ వయసులో ఇదేం పురుగప్పా నీకు?" అని అడిగేటోళ్లకు ఒక కారు సంగతి చెప్పాల. ఆ పురుగు కుట్టింది ఆ కార్లోనే.

నంద్యాల జిల్లా అయిన ఏడాది అది. నంద్యాలలోనే ఒక కార్ల సర్వీసు షెడ్డులో నేను ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. అంటే మెకానిక్కుల మీద, మేనేజర్ సారు కింద. బండి వస్తే జాబ్ కార్డు రాసేది, ఏ పని ఎవరికియ్యాల్నో చెప్పేది, పనయినాక నడిపి చూసి సంతకం పెట్టేది నేనే.

వానలు మొదలైనాక ఆళ్లగడ్డ నుంచి దేవదానం వచ్చినాడు. సొంత డీజిల్ కారు, బాడుగకు తిప్పుతాడు. ఆళ్లగడ్డలో ఉండే ముగ్గురు టీచరమ్మలను పొద్దున నంద్యాల బడికి తెచ్చి, సాయంత్రం ఇండ్లకు చేర్చేది అతని ఖాయం బాడుగ.

"అన్నా, బండి గుంజుకోవడం ల్యా. వెనక ఎవురో పట్టుకున్నట్టుంది. లారీని దాటదామంటే దాటదు," అన్నాడు.

బరువుగా పోయే బండికి మేం చూసే వరస ఒకటుంది. మొదట చక్రాలు పైకి లేపి చేత్తో తిప్పుతాం. బ్రేకు పట్టేసుంటే చక్రం తిరగదు, మొరాయిస్తాది. తర్వాత టైర్లలో గాలి, గాలి ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, క్లచ్ జారుతాందా లేదా. ఆఖర్న స్కానరు. ఇంజను కంప్యూటరుకు తగిలిస్తే లోపల ఏం నడుస్తాందో చదివి చూపించే మిషను అది. అన్నీ చూసినాం. గాలి ఫిల్టరు మురికిగా ఉంటే మార్చినాం. నేను నడిపి చూసినా, బాణం మాదిరి పోయింది. సంతకం పెట్టి ఇచ్చేసినా.

నాలుగు దినాలు కాకముందే మళ్లా వచ్చినాడు. మళ్లా అన్నీ చూసినాం, మళ్లా బాణమే. "జబ్బు నీ కాల్లో ఉందేమో సూడప్పా," అని మా మెకానిక్ ఎగతాళి చేస్తే, "నా కాలు నిన్న మొలిసిందా ఏందీ?" అని దేవదానం సుర్రుమన్నాడు.

మూడోసారికి మేనేజర్ సారుకు ఓపిక అయిపోయింది. ఇంజనుకు గాలి దట్టించే టర్బో విప్పాల, బండి వారం పెట్టిపో అన్నాడు. దేవదానం మొఖం మాడిపోయింది. "వారమంటే నా బాడుగ పోయినట్టే సార్. బడికి లేటవుతాందని టీచరమ్మలు ఇప్పటికే వేరే బండి సూస్తాండారు."

నన్ను తొలుస్తాండింది టర్బో కాదు. మా షెడ్డులో బాగుండే బండి గేటు దాటంగానే ఎందుకు చతికిలబడుతాంది? టర్బో పోయుంటే నా చేతిలో కూడా గుంజకూడదు గదా! "సార్, ఒక్క సాయంత్రం ఇయ్యండి. ఆళ్లగడ్డ దాకా పక్కన కూచోని పోతా," అన్నా. సరే అన్నాడు.

స్కానరు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూచున్నా. వెనక టీచరమ్మలు. వాళ్లలో పెద్దామె సుగుణమ్మ, లెక్కలు చెప్తాది. ఊరు దాటినాక ముందర లారీ తగిలింది. నిండా తొక్కమన్నా. కాలు ఎక్సలేటరును ఎంత తొక్కిందో స్కానరులో కనపడుతుంది. ముప్పావు దగ్గర ఆగిపోయింది.

"ఇంకా తొక్కప్పా."

"ఇంకా యాడికి తొక్కేదన్నా? నేలకానింది."

"ఆనలేదు, మిషను చెప్తాంది."

"మిషనుకు కాళ్లుండాయా?"

వెనక టీచరమ్మలు పకపకా నవ్వినారు.

శిరివెళ్ల దగ్గర బండి పక్కకు ఆపించి పెడలు కింద చెయ్యి పెట్టినా. రబ్బరు మ్యాటు కింద గోనెపట్ట, నాలుగు మడతలు! దేవదానం ఇల్లు చేన్ల పక్కన. వాన పడితే నల్లరేగడి మట్టి చెప్పులకు ఇటికెల మాదిరి అంటుకుంటాది. కారు పాడుగాకూడదని ఆ వానలకే పట్ట పరుసుకున్నాడు. పెడలు దిగి దిగి పట్టతో ఎత్తుగా లేసిన మ్యాటుకు తగులుకుంటాంది, కాలికేమో నేలకు ఆనినట్టే ఉంటాది.

మరి షెడ్డులో ఎందుకు దొరకలేదు? మా పద్ధతి వల్లనే. బండి లోపలికి రాంగానే ఓనరు మ్యాట్లన్నీ తీసి డిక్కీలో పెట్టి, మా బూట్ల మురికి అంటకుండా కాగితం పరుస్తాం. మర్యాద కోసం పెట్టుకున్న రూలు. మూడుసార్లూ జబ్బును మేమే చుట్టి డిక్కీలో పెట్టి, ఇంజనంతా వెతికినాం. బండి తీసుకునేటప్పుడు దేవదానం శ్రద్ధగా మళ్లా పరుసుకుంటాండె.

పట్ట పీకేసి పోనిస్తే కారు ముందుకు దూకింది. "మెల్లగ పో నాయనా, మాకు పిల్లలుండారు!" అని అరిచింది సుగుణమ్మ. మేం మ్యాట్లు తీసిపెట్టే సంగతి చెప్తే, ఊపిరి తీసుకుని, "ఇన్‌స్పెక్షను దినం మా పిల్లోళ్లు చేతులు కట్టుకోని కూచున్నట్టుంది మీ షెడ్డు కథ. ఆ దినం వచ్చి చూసినోళ్లకు మా బడి సంగతి ఏం తెలుస్తాది?" అంది.

ఆ మాట పట్టుకున్నా. చూసేవాడు వస్తే చూసేది మారిపోతాదా, దీని మీద ఎవరన్నా పుస్తకాలు రాసినారా అని ఆళ్లగడ్డ దాకా ఆమెను అడుగుతానే ఉన్నా. ఎంతవరకు చదివినావని అడిగింది. ఇంటరు దాకా అని చెప్పినా. "ఇన్ని అడిగేటోడివి డిగ్రీ కట్టు. నన్ను వదిలెయ్," అంది.

దేవదానం బాడుగ నిలబడింది. మరుసటి దినం నుంచి షెడ్డులో వరస మార్చినాం. జాబ్ కార్డు రాయకముందే, మ్యాటు కూడా కదిలించకుండా, ఓనరు నడుపుతాంటే పక్కన కూచోని ఒక చుట్టు తిరగాల. మేనేజర్ సారు మొదట నవ్వినాడు, తర్వాత ఒప్పుకున్నాడు. నేను నేర్చుకున్నది ఇంతే: బండిని జబ్బుపడిన చోట, నడిపేటోని చేతిలోనే చూడాల. సర్దినాక చూస్తే మనం సర్దిందే కనపడుతుంది.

ఇంకా ఫోన్లు చేయాల్సినోళ్లు ఉండారు.

కొలిమిగుండ్లలో మా పెద్దక్క. డిగ్రీ అంటే ఉద్యోగమొచ్చిందా అంటాది, నిదానంగా చెప్పాల.

మేనేజర్ సారు.

దేవదానం. బండి నడుపుతాంటే ఎత్తడు, మధ్యాన్నం అన్నం టయానికి చేయాల.

నాతోపాటు పరీక్షలు రాసిన ఖాదర్. ఒక పేపరు పోయిందంట, ముందు అతని మాట వినాల.

సుగుణమ్మ టీచరు. మార్కుల కాగితం చేతిలో పెట్టుకోని చేయాల. ఒక్కో పేపరుకు ఎన్నెన్నొచ్చినాయో అడగకుండా ఆమె ఫోన్ పెట్టదు.