వెర్లిన్ రోల్ బార్

టెన్నెసీలో సైలెన్సర్లు బిగించే వెర్లిన్ ఆదివారాలు తన పాత కారుతో డ్రాగ్ రేసుకు, అంటే తిన్నటి దారిలో ఎవరు ముందు దూసుకెళ్తారో తేల్చే పందేనికి, వెళ్తాడు. ఒకసారి తనిఖీ చేసేవాడు ఆపేశాడు.

"ఇంత స్పీడైతే, కారు పల్టీ కొట్టినా తల నలగకుండా రోల్ బార్ ఉండాల్సిందే."

వెర్లిన్ తంటాలుపడి సీట్ల వెనక ఇనుప గొట్టాన్ని కమానులా వంచి వెల్డింగ్ చేశాడు. ఆ బరువుకు కారు నెమ్మదించింది.

"ఇప్పుడు నీకు బార్ అక్కర్లేదుగా," అన్నాడు అదే మనిషి.

వెర్లిన్‌కి తల కొట్టేసినట్టయింది. గొట్టం కోసి పారేశాడు. కారుకు మళ్ళీ వేగం వచ్చింది, మళ్ళీ బార్ అడిగారు.

గొట్టం ఉన్నన్నాళ్ళూ చర్చికి వెళ్ళడానికి దాని కింద నుంచి వెనక సీట్లోకి దూరి నడుము పట్టేసిన అత్తగారు ఓపల్‌కు ఒళ్ళు మండింది.

"ఇంకోసారి గొట్టం పెట్టావంటే ఊరుకోను అల్లుడూ. ఆ బరువేదో నువ్వే పెరుగు," అని అతని పళ్ళెంలో ఇంకో కేకు ముక్క వేసింది.

వేసవంతా వెర్లిన్ ఆమె మాట జవదాటలేదు. తర్వాతి రేసులో, పొట్టకు సీటు బెల్టు చాలడం లేదని వెనక్కి పంపారు.