నాయన గడ్డం కోసం కోదాడ రాయి

సూర్యాపేటలో నాకు కటింగ్ షాపు ఉంది. ఆడమనిషి గడ్డాలు గీయడమేమిటని మొదట్లో గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్లు, ఇప్పుడు ఆదివారం వస్తే నా కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని బెంచీ మీద కూర్చుంటున్నారు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. కానీ ఒక్క గడ్డం మాత్రం నా చేతికి చిక్కలేదు, అది మా నాయనది. నాయన షాపు మిర్యాలగూడలో. నాకు పని నేర్పింది ఆయనే. మా వృత్తి ఇళ్లలో ఒకరి గడ్డం ఒకరు గీసుకుంటారు. పెద్దవాళ్లు ఎవరి చేతికి తమ గడ్డం అప్పగిస్తే వాళ్లు పూర్తి పనివాళ్లు అయినట్టు లెక్క. నాయన తన తమ్ముడికి తప్ప ఎవరికీ ఆ మర్యాద ఇవ్వలేదు. ఆ తమ్ముడు, అంటే మా చిన్నాయన, కోదాడలో స్థిరపడ్డాక నాయన అద్దం ముందు తనే గీసుకుంటున్నాడు. మొన్న దసరాకు వెళ్లినప్పుడు నేను పట్టుబట్టి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. రెండు గీతలు పడ్డాయో లేదో నా మణికట్టు పట్టుకున్నాడు. "చెయ్యి మంచిగనే ఉన్నది బిడ్డా, కత్తే గీరుతున్నది. ఇగ తీసెయ్" అన్నాడు. అదీ నలుగురు గిరాకీల ముందు! నాకు తల కొట్టేసినట్టయింది.

షాపులో అందరిలాగే నేనూ మనిషి మనిషికీ కొత్త బ్లేడు మారుస్తాను. నాయనకు మాత్రం పాత మడత కత్తే కావాలి. దాన్ని నూరడానికి నేను ఆన్‌లైన్‌లో ఫ్యాక్టరీలో చేసిన మిషన్ రాయి ఒకటి తెప్పించుకున్నాను. అది కత్తిని తెగేలా చేస్తుంది, కానీ చర్మం మీద జారేలా చేయడం దాని వల్ల కాలేదు. ఆ చివరి నునుపు తెచ్చే రాయి చిన్నాయన దగ్గర ఉంది. మా తాత కృష్ణ ఒడ్డున ఏరుకొచ్చిన నాపరాయి ముక్క అది. అందుకే కోదాడ మీదుగా మిర్యాలగూడ ప్రయాణం పెట్టుకున్నాను. మంగళవారం మా షాపులన్నీ బంద్. ఆ రోజు ఎవరూ గడ్డం గీయించుకోరు కాబట్టి మా ఇళ్లలో అది కత్తులు నూరుకునే రోజు. మంగళవారం నూరి, రాత్రికి నాయన దగ్గరికి చేరి, బుధవారం పొద్దున్నే గీయాలన్నది నా లెక్క.

ఉదయం ఏడున్నర ప్రాంతంలో సూర్యాపేట బస్టాండులో కోదాడ ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా, మగవాళ్లకైతే వంద లోపే అవుతుంది. విజయవాడ హైవే కాబట్టి గంట, గంటంబావు ప్రయాణం. కత్తిని మెత్తటి గుడ్డలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ కళ్లు డబ్బా మీదే ఉన్నాయి.

"ఏందమ్మా, గంత భద్రంగ పట్టుకున్నవ్? బంగారమా?"

"కత్తి అన్నా."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. గడ్డం గీసే కత్తి అని చెప్పాక ఊపిరి పీల్చుకుని, "గా ముక్క జర ముందుగాల సెప్పరాదు, పానం పోయినంత పనైంది" అన్నాడు. బస్సు దిగేదాకా నన్ను చూసినప్పుడల్లా తన గడ్డం తడుముకుంటూనే ఉన్నాడు.

కోదాడ బస్టాండు బయట ఇడ్లీ తిని, ఆటోకు ముప్పై ఇచ్చి చిన్నాయన ఇంటికి చేరాను. కోదాడలో చాలా ఏళ్లుగా ఉండి ఆయన మాట కాస్త ఆంధ్ర వైపు తిరిగింది. సంగతంతా విని పగలబడి నవ్వాడు. "మీ నాయన గడ్డమా? నేను గీసినప్పుడు కూడా వంద వంకలు పెట్టేవాడమ్మా. పదునైతే నువ్వే పెట్టుకోవాలి. నేను పెట్టి ఇస్తే అది నా పనవుతుంది, నీది కాదు" అని రాయి తీసుకొచ్చాడు. అరచేయంత వెడల్పు, బూడిద రంగులో సన్నటి ఆకుపచ్చ జీర. చెంపకు ఆనిస్తే పలకలా చల్లగా ఉంది.

ముందు రాయి మీద నీళ్లు చల్లి, అదే జాతి చిన్న ముక్కతో రుద్దితే పాలలాంటి పల్చని బురద లేచింది. అందులో కత్తిని బల్లపరుపుగా, వీపూ అంచూ రెండూ రాయికి ఆనేలా పెట్టి నడపాలి. నేను అలాగే నడిపాను. కాసేపటికి బురద నల్లబడింది. నా చేయి దానంతటదే చెంబు అందుకుని రాయిని శుభ్రంగా కడిగేసింది. నా షాపులో కుర్చీ మీద గానీ సింకులో గానీ చిన్న మరక కూడా నిలవదు. ఆ శుభ్రం చూసే సగం మంది నా దగ్గరికి వస్తారు. చిన్నాయన మాత్రం నెత్తి పట్టుకున్నాడు.

"అయ్యో తల్లీ, పదునంతా కడిగి పారబోశావు కదా!"

మిషన్ రాయిని కడుగుతూ ఉండాలి. ఈ రాయి మీద ఆ బురదే పని చేస్తుందట. చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ, బురద పల్చబడే కొద్దీ చేతి బరువు కూడా తగ్గించుకుంటూ, చివరికి ఉత్త నీళ్ల మీద ఉత్త కత్తి బరువే మిగలాలి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. అయినా ఆ పూట నోరు మూసుకుని పని చేశాను. సరసరమనే చప్పుడు మెల్లగా సన్నబడి, ఒక దశలో అసలే వినబడలేదు. కత్తి రాయికి అతుక్కున్నట్టుగా లాగింది. "ఇక ఆపు" అన్నాడు చిన్నాయన. తోలు పట్టా మీద ముందుకీ వెనక్కీ లాగి, తలలోంచి ఒక వెంట్రుక తెంపి అంచుకు తాకించాను. తాకీ తాకగానే రెండు ముక్కలైంది. నేను వేసిన కేకకు వంటింట్లోంచి చిన్నమ్మ పరుగెత్తుకొచ్చింది. తుప్పు పట్టకుండా కత్తికి ఒక చుక్క కొబ్బరినూనె రాసి, అన్నం తిని బయల్దేరాను.

మిర్యాలగూడకు నేరుగా బస్సు దొరికితే అదృష్టమే. నేను హుజూర్‌నగర్‌లో దిగి మారాను. ఎదురుచూపులతో కలిపి మొత్తం మూడు గంటల దాకా పట్టింది. దారి పొడుగునా వరి చేలే. రైసు మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి వచ్చిందంటే మిర్యాలగూడ వచ్చేసినట్టే. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. నాయన కత్తి విప్పి, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, మడిచి నా చేతిలో పెట్టాడు. "పొద్దుగాల సూద్దాం తియ్" అన్నాడు, అంతే. పీటల మీద కూర్చున్న రోజు కూడా నాకంత భయం లేదు.

బుధవారం ఏడింటికల్లా షాపు తీశాం. బెంచీ మీద పాత గిరాకీలు ఇద్దరు. నాయన కుర్చీలో వెనక్కి వాలాడు. వేడి తువ్వాలు వేసి, బ్రష్షుతో నురగ పట్టించి, చెవి పక్క నుంచి మొదటి గీత దించాను. మణికట్టు మీదికి ఆయన చేయి వస్తుందని కాచుకున్నాను. రాలేదు. రెండో గీతకూ రాలేదు. గొంతు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బరువుగా వినబడి, భయపడి కత్తి ఎత్తాను. మా నాయన నిద్రపోతున్నాడు. ముప్పై ఏళ్లుగా ఎవరి పనికైనా వంక పెట్టే మనిషి, గొంతు మీద నా కత్తి ఉండగా చిన్నగా గురక పెడుతున్నాడు. పని ముగించి, పటిక రాసి, తువ్వాలు తీస్తుంటే కళ్లు తెరిచాడు.

"ఈ పక్క ఎప్పుడు గీస్తవ్ బిడ్డా?"

"అయిపోయింది నాయినా."

నమ్మలేదు. దవడ కింద వెంట్రుకకు ఎదురుగా వేళ్లతో రుద్ది చూసుకున్నాడు. మేము ఇతరుల పనిలో తప్పు పట్టేది అక్కడే. తర్వాత బెంచీ వైపు తిరిగి, "మా బిడ్డ గీసింది" అన్నాడు, వాళ్లు అంతసేపూ చూడనట్టు. నా కళ్లు నిండిపోయాయి. తుడుచుకోలేదు కూడా, ఎందుకు తుడుచుకోవాలి?

ఒక్క గడ్డానికి ఇంత దూరం తిరగాలా అని మా ఆయన నవ్వాడు. తిరగాలి. పని వచ్చని వెయ్యి మంది గిరాకీలు చెప్పినా, నేర్పిన మనిషి చెప్పడం వేరు. ఆ రాయి మీద నేను నేర్చుకున్న నెమ్మది ఇప్పుడు బ్లేడు పట్టినప్పుడు కూడా నా చేతిలో ఉంటోంది. మీరూ మడత కత్తి వాడేవాళ్లయితే ఒక్కటే సలహా: నాటు రాయి ఉన్న పాత పనివాళ్ల దగ్గరికి మంగళవారమే వెళ్లండి, ఆ రోజు గిరాకీలు ఉండరు, తీరిగ్గా కూర్చోబెట్టి చూపిస్తారు. గడ్డం గీయించుకోవాలంటే మిగతా రోజుల్లో మిర్యాలగూడలో మా నాయన షాపుకు వెళ్లండి, కానీ ఆయన్ను చూసి ఈయనేం మంగలి అనుకోకండి. ఈ మధ్య నేను వెళ్లేదాకా గడ్డం పెంచుకునే కూర్చుంటున్నాడట. ఎవరైనా అడిగితే, "నాకు గీసేటామె సూర్యాపేట నుంచి రావాలె" అంటున్నాడట.