టేకుచెట్లకు సగం ముద్ర

సర్కారు ముద్ర పడితే ఆ వస్తువుకు ఇక ఢోకా లేదని నేను నమ్మిన రోజులవి. మా నాయన అంగట్లో తూనికరాళ్లకు ఆ ముద్ర ఉండేది. వాటితో ఆడితే నా వీపు విమానం మోత మోగేది. ఆ లోకజ్ఞానంతోనే, మీసం సరిగా రాకముందే, మహానంది పైనున్న నల్లమలలో ఫారెస్టు గార్డునయ్యాను. పూర్వం రైలుపట్టాల కింద వేసే దుంగల కోసం ఆ కొండను బోడిగుండు చేశారట. నరుకుడు ఆపాక మొద్దుల నుంచే టేకు పిలకలు లేచి, నిటారుగా ఎదుగుతున్నాయి. వాటిని చూస్తే సొంత చేను చూసినంత మురిపెం నాకు.

ఒకరోజు రేంజరుగారు ముద్రసుత్తి చేతికిచ్చి, "చెట్లు చూసి ముద్రలు కొట్టు. ఛాతీ ఎత్తున ఒకటి, కింద మొదట్లో ఒకటి. రేపు కాంట్రాక్టరు వస్తాడు" అని జీపెక్కారు. (ఎండిన చెట్లకని వేరే చెప్పాలా అనుకున్నారేమో. నాకు చెప్పాల్సిందే.) కాంట్రాక్టరు బారి నుంచి కాపాడమన్నారనుకుని, బంగారంలాంటి చెట్లన్నీ ఏరి, బెరడు చెక్కి ఠక్కుమని కొట్టాను. ప్రతి చెట్టుకూ ఎవరు వంగుతారని పై ముద్రతోనే సరిపెట్టాను. సాయంత్రం మా వాచరు చెంచు మామ చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఏం పని చేస్తివప్పా! ముద్ర కొట్టిన చెట్లనే గదా నరికేది!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం పోతే పోనీ, ఆ చెట్లు ఏం పాపం చేశాయి? తెల్లారగానే గొడ్డళ్లు రానే వచ్చాయి. నేను చేతులు చాచి అడ్డం నిలబడ్డాను.

"పక్కకు జరుగప్పా, ముద్ర ఉండాది గదా" అన్నాడు కాంట్రాక్టరు.

మామ వంగి, చెట్టు మొదట్లో ఆకులు తోశాడు. "కింద ముద్ర యాడుండాది? మాను తీసుకపోయినాక మొద్దుకు ముద్ర లేకుంటే అది దొంగనరుకుడే. జైలుకు పోతావా?"

కాంట్రాక్టరు ఒక్కో చెట్టు మొదలూ వెతికాడు. నా బద్ధకం ఒక్కదాన్నీ వదల్లేదు! తిట్టుకుంటూ కొండ దిగిపోయాడు. మామా నేనూ కడుపులు పట్టుకుని నవ్వాం. రేంజరుగారు మాత్రం నవ్వలేదు. ఎండుచెట్లన్నిటికీ నా చేతే వంగి వంగి ముద్రలు కొట్టించారు.

ఇన్నేళ్ల తర్వాత మొన్న ఆ కొండకు పోయాను. టేకుమానులు ఆకాశాన్ని అంటుతున్నాయి, నా ముద్రలు బెరడులో పూడిపోయాయి. సంతోషం పట్టలేక ఒకదాని మొదలు తాకి దండం పెడదామనుకున్నాను. ఆనాడు వంగడానికి బుద్ధి పుట్టలేదు, ఇప్పుడు బుద్ధి పుట్టినా నడుము వంగలేదు. నిలబడే దండం పెట్టి వచ్చాను.