తెల్ల కార్పెట్ మీద నా బూట్లు

డెబ్బై ఏడు జనవరిలో, అమెరికా కొత్త ప్రెసిడెంటు ప్రమాణ స్వీకారం రోజున, ఎడిసన్ అనే ఊళ్లో ఒక డాక్టరుగారి ఇంట్లో నేను పులిహోర కలుపుతున్నాను. హాల్లో ఆయన భార్య, మిగతా డాక్టర్ల భార్యలు కలర్ టీవీ ముందు కూర్చున్నారు. వంట మాత్రం నాది.

ఊరికే చెయ్యలేదు లెండి. మా ఆయన కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివి, ఇక్కడ బంకులో కార్లకు పెట్రోలు కొడుతున్నారు. "మా వారితో చెప్పి హాస్పిటల్ ల్యాబ్‌లో వేయిస్తానమ్మాయ్" అని ఇంటావిడ మాటిచ్చింది. ఆ మాట పట్టుకుని ఏడాదిగా ఆవిడ విందులన్నిటికీ చాకిరీ చేశాను. మిగతావాళ్లు ముందు గుమ్మంలో బూట్లు విప్పేవారు. నేను మాత్రం గరాజ్‌లో విప్పి, అటునుంచి అటే వంటింట్లోకి రావాలి. లేకపోతే తెల్ల కార్పెట్ పాడైపోతుందట!

ఆ మధ్యాహ్నం హాస్పిటల్ పెద్ద డాక్టరు భార్య, అమెరికన్ దొరసాని, భోజనానికి వస్తోంది. వంటంతా తనదేనని ఇంటావిడ చెప్పుకుంటుందని నాకు తెలుసు. చెప్పుకోనీ, మా ఆయనకు ఉద్యోగం వస్తే చాలనుకున్నాను.

టీవీలో ప్రెసిడెంటు కారు దిగి, భార్యతో కలిసి, ఆ గడ్డకట్టే చలిలో నడివీధిలో నడవడం మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. చేతిలో గరిటెతోనే సోఫాల వెనక్కి వచ్చేశాను. సోఫాల్లో మాత్రం ఒకటే నవ్వులు.

"ఛ, ప్రెసిడెంటన్నవాడు కారు దిగి నడవడమేంటండీ! పరువు తక్కువ."

"రేపు మన పెట్రోలు బంకాయన కూడా అవుతాడు ప్రెసిడెంటు! అవునూ, ఆయన ల్యాబ్ జాబ్ ఏమైంది?"

నేను వెనకే ఉన్నానని ఇంటావిడ చూసుకోలేదు. "ఏం ల్యాబో! మా వారి చెవిన వెయ్యనే లేదు. ఆ జాబ్ వస్తే ఈ అమ్మాయి మళ్లీ నా వంటింటి మొహం చూస్తుందా?" అంది.

ఒళ్లు భగ్గున మండింది. గరాజ్‌లోకి వెళ్లి బూట్లు తొడుక్కున్నాను. వాటి అడుగున బురద, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు. తిరిగొచ్చి, పులిహోర గిన్నె చంకనెత్తుకుని, ఆ బూట్లతోనే తెల్ల కార్పెట్ మీద, టీవీకి అడ్డంగా నడిచాను. ఇంట్లో చెప్పులతో తిరగడం మనవాళ్లకు ఎంత తప్పో! కావాలనే నెమ్మదిగా నడిచాను.

"అయ్యయ్యో, కార్పెట్! నీకేమైనా పిచ్చి పట్టిందా? ఆ గిన్నె ఎక్కడికి?"

"నేను చేసింది కదా అక్కయ్యగారూ, నాతోనే వస్తుంది. దొరసానికి మీ చేతి వంట పెట్టండి."

ముందు తలుపు తీసేసరికి బొచ్చు కోటులో దొరసాని మెట్లెక్కుతోంది. నవ్వి, దారిచ్చి, నడిరోడ్డున పడి నడిచాను. నేను సెకండ్ షిఫ్టు చేసే లిప్‌స్టిక్ ఫ్యాక్టరీ దగ్గరే. అక్కడ ప్యాకింగ్ చేసే అమెరికన్ ఆడవాళ్లంతా రేడియో చుట్టూ మూగి ఉన్నారు. "నడిచాడు హనీ, మనలాగే నడిచాడు!" అని ఒక పెద్దావిడ నన్ను వాటేసుకుంది. కారానికి కళ్లు తుడుచుకుంటూనే గిన్నె ఖాళీ చేశారు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆయన తిడతారనుకున్నాను. "నాక్కాస్త మిగిల్చావా?" అన్నారు. తర్వాత తనే తిరిగి తిరిగి ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరారు.

నాలుగేళ్లకు ఇంకో ప్రెసిడెంటు వచ్చాడు. ఈసారి పొడవాటి కార్లు, బొచ్చు కోట్లు, వజ్రాలు. ఆ డాక్టరుగారి భార్యే ఫోన్ చేసింది. "ప్రెసిడెంటంటే ఇలా ఉండాలమ్మాయ్! పాతవన్నీ మర్చిపోదాం. టీవీ చూడ్డానికి అందరూ వస్తున్నారు, దొరసాని కూడా. నీ చేతి పులిహోర..."

"అయ్యో, అదెంత భాగ్యం అక్కయ్యగారూ! మీరు పొయ్యి వెలిగించకండి. భోజనమంతా నేనే తెస్తాను" అన్నాను, గొంతులో తేనె పోసుకుని.

ఆ రోజు లీవు పెట్టి, మా సోఫాలో కాళ్లు చాపుకుని టీవీ చూశాను. ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు.