పళ్లు కనబడే ఫొటో

మా అత్త పోయిందన్న కబురు పొందూరు వీధులన్నీ తిరిగేలోపే మా ఇంట్లో చిన్న తగవు మొదలైంది. సెంటర్లో కట్టే ఫ్లెక్సీకి ఏ ఫొటో ఇవ్వాలని. మా ఆయన తన తల్లి ఆధార్ కార్డు తెచ్చారు. అందులో అత్త ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంటుంది. నేను బీరువాలో చీరల కింద దాచిన పెద్ద ఫొటో తీశాను. అందులో ఆమె నోరంతా తెరిచి నవ్వుతోంది. తాంబూలానికి ఎర్రబడ్డ పళ్లు, ఊడిన పన్ను ఖాళీ, అన్నీ కనబడతాయి.

"పోయిన మనిషి ఫొటోలో పళ్లు కనబడితే ఊళ్లో ఏటనుకుంటారు?" అన్నారు మా ఆయన.

ఆ ఫొటో వెనక సంగతి చెప్పాలి.

అత్త ఖద్దరు నూలు వడికేది. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం ముందు కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కేదాకా లేచేది కాదు. నోరు మాత్రం ఆగేది కాదు. వీధిలో పోయేవాళ్లని పిలిచి మరీ ఆటపట్టించేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా చారు రుచి చూసి, "ఏటే కోడలా, ఉప్పు పుట్టింటికాడ మరిసిపోయొచ్చినావేటి?" అని, రెండు గ్లాసులు తాగింది. అరిగిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించడం నా అలవాటు. "నా కోడలు సబ్బులక్కూడా సంబంధాలు కుదిర్సేస్తాది" అని అందరికీ చెప్పేది.

మా వీధి నూలుతో నేసిన గుడ్డని ఖరీదైన బట్టలమ్మే ఒక పెద్ద కంపెనీ కొంటూ ఉండేది. ఒకరోజు వాళ్లు కెమెరాలతో దిగారు. తమ కంపెనీ చరిత్ర మీద కొత్త పుస్తకం వేస్తున్నారట. అందులో నూలు వడికే మనిషి బొమ్మ ఉండాలట. బొమ్మ కుదిరితే పైఏడు కూడా మా వీధి నూలే తీసుకుంటామన్నారు. ఇంకేముంది, వీధంతా మా అరుగు ముందే ఉంది.

అత్త ఎర్ర పట్టుచీర కట్టుకుని, చేతులనిండా ఆకుపచ్చ గాజులు వేసుకుని కూర్చుంది. కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి తెలుగువాళ్ల పిల్లే గాని ఎక్కడో ఉత్తరాన పెరిగిందట. అత్తని చూసి ఇబ్బందిపడి, సంచిలోంచి తెల్లచీర తీసింది.

"అమ్మా, ఇది కట్టుకోండి. గాజులు, బొట్టు తీసేసి కొంచెం దిగులుగా కూర్చోండి. అంతరించిపోతున్న కళ అని రాస్తున్నాం."

అందరూ బిగుసుకుపోయారు. అరుగు చివర చుట్ట కాల్చుకుంటున్న మా మావయ్య మెల్లగా చెయ్యెత్తారు.

"అమ్మాయీ, నానింకా ఉన్నాను."

వీధి గొల్లుమంది. విషయం అర్థమై ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది. అత్తే ఓదార్చింది. "పరవాలేదులేమ్మా. ఈయనున్నాడని ఒకోపాలి నానూ మరిసిపోతాను."

తెల్లచీర సంచిలోకి పోయింది గాని దిగులు మాత్రం కావాలన్నారు. పక్కింటావిడ అత్త చెవిలో గట్టిగానే అంది: "ఒక్క గంట మొగం ముడుసుకుంటే నీకేటి పోతాదప్పా? ఆళ్లు ఎల్లిపోతే మన రాట్నాలన్నీ ఆగిపోతాయి."

ఆ మాటకి అత్త నవ్వు ఆగింది. రాట్నం వైపు చూసి, కంపెనీ పాత పుస్తకం ఉంటే చూపించమంది. మొదటి పేజీలో కంపెనీ పెట్టిన పెద్దాయన, కోటుకి గులాబీ పెట్టుకుని నవ్వుతున్నాడు. కిందేం రాశారని అడిగితే ఆ పిల్ల చదివింది. చిన్న కొట్టుతో మొదలుపెట్టి పైకొచ్చారని, పనివాళ్లందరినీ ఇంటివాళ్లలా చూసుకున్నారని.

"బాగున్నాది. గుడ్డ అమ్మినాయన నవ్వుతన్నాడు. ఆ గుడ్డకి నూలు వడికిన నానేల ఏడవాలమ్మా? ఒకింటోళ్లమే అంటన్నారు గదా. నాకు దిగులుగా ఉన్నరోజు రాట్నం ముట్టుకోను, దారం తెగిపోతాది."

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. అప్పుడు మావయ్య గొంతు సవరించుకున్నారు. "దిగులు మొగం కావాలంటే నన్ను తియ్యండి బాబూ. ఈవిడితో కాపరం సేసినోణ్ణి." అత్త తల వెనక్కి వేసి నవ్వింది. ఫొటో తీసేవాడు ఆ క్షణం వదల్లేదు.

కొన్నాళ్లకి పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో పెద్దాయన నవ్వుతూనే ఉన్నాడు. మా అత్తవి మాత్రం రెండు చేతులు, రాట్నం, దారం. మొహం లేదు. పక్కింటావిడకే ఎక్కువ కోపం వచ్చింది. అత్త పుస్తకాన్ని కళ్లదగ్గర పెట్టుకుని, "నవ్వుతన్న సేతులే ఇవి. గాజులెలాగ ఎగిరినాయో సూడు" అంది.

ఆ కంపెనీ మంచిదా అని నన్నడిగితే ఒక్కమాటలో చెప్పలేను. చెప్పినట్టే పైఏడూ నూలు తీసుకున్నారు. ఇంటివాళ్లమని రాసి, ఇంటిమనిషి మొహం కత్తిరించారు. రెండూ నిజమే. ఫొటో తీసినతను మాత్రం తనంతట తానే పూర్తి బొమ్మ పోస్టులో పంపాడు. గోడకి తగిలిద్దామంటే అత్త ఒప్పుకోలేదు. "మనిషి ఎదురుగా ఉన్నాది, బొమ్మెందుకే?" అంది.

ఇప్పుడు మనిషి లేదు. తెల్లవారినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడని మావయ్య ఆ ఫొటో అందుకుని తువ్వాలుతో తుడిచారు.

"ఆళ్లొకపాలి కోసేసినారు. మనమూ కోసేద్దుమేట్రా?" అని కొడుకుని అడిగారు.

ఫ్లెక్సీ అదే వేయించాం. పరామర్శకి వచ్చినవాళ్లు సెంటర్లో దాన్ని చూసి, మొహం సర్దుకోవడం కుదరక, నవ్వుతూనే మా గుమ్మం ఎక్కారు. సాయంత్రం మావయ్యని వెతుక్కుంటూ నేను సెంటర్లో టీకొట్టు దగ్గరికి వెళ్లేసరికి ఆయన ఫ్లెక్సీకి ఎదురుగా బల్లమీద కూర్చుని ఉన్నారు. గాలికి ఫ్లెక్సీ ఉబ్బింది. అత్త పగలబడి నవ్వినట్టయింది. ఆయన ఆమెనే చూస్తూ మెల్లగా చెయ్యెత్తారు, ఆ రోజు అరుగు మీద ఎత్తినట్టే.